వయసు మళ్లిన కుందేలు వెనక భాగం పదే పదే మురికవుతుంటే

మీరు రాసింది క్లుప్తంగా ఇది. మీ కుందేలుకి ఎనిమిదేళ్లు. కొన్ని నెలలుగా దాని వెనక భాగానికి నల్లగా, జిగురుగా ఏదో అంటుకుని వాసన వస్తోంది. విరేచనాలనుకుని వారానికోసారి షాంపూతో స్నానం చేయిస్తున్నారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఎండుగడ్డి పెద్దగా ముట్టదు. పెల్లెట్లు (గుళికల్లా చేసిన దాణా), క్యారెట్ మాత్రం ఇష్టంగా తింటుంది. విరేచనాలు కట్టే మందు ఏదైనా ఉందా, స్నానం ఎన్ని రోజులకోసారి చేయించాలి అని అడిగారు.

ముందుగా రెండు విషయాలు చెప్పేస్తాను. స్నానం ఇవాళ్టితో ఆపేయండి. విరేచనాల మందు మీ అంతట మీరు వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అవి అసలు విరేచనాలు కాకపోవచ్చు. నేను చాలా ఏళ్లుగా కుందేళ్లను చూసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ముసలివే. వాటి వెనక భాగం మురికిగా ఉంటే కడగడం గురించి ఆలోచించే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. తిండిలో తేడా ఉందా? లేక ఒళ్లు వంగక తనను తాను శుభ్రం చేసుకోలేకపోతోందా? వయసు మళ్లిన వాటిలో చాలాసార్లు రెండూ ఉంటాయి. ఈ రెండూ సరిచేయకుండా ఎన్నిసార్లు కడిగినా మీకు శ్రమ, దానికి హింస, అంతే.

ఇంతకీ ఆ అంటుకునేది ఏమిటి? కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి మనం దాని మలమూత్రాల ట్రేలో రోజూ చూసే గుండ్రటి, గట్టి, పొడి పెంటికలు. రెండోది మెత్తగా, ముదురు రంగులో, పైన జిగురు పొరతో, ద్రాక్ష గుత్తిలా చిన్న చిన్న గింజలు అతుక్కుని ఉంటుంది. వాసన ఘాటుగా ఉంటుంది. దీన్నే సీకోట్రోప్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కింద పడనివ్వకుండా నేరుగా వెనక భాగం నుంచే నోటితో అందుకుని తినేస్తుంది కాబట్టి మనకు ఇవి కనపడవు. చూసి అసహ్యించుకోవాల్సిన పనిలేదు, అది దాని ఆహారంలో భాగమే. గడ్డిలోని పొడుగాటి పీచు పేగుల్లో వేగంగా ముందుకు సాగి గట్టి పెంటికలుగా బయటికి వచ్చేస్తుంది. సన్నటి రేణువులు మాత్రం వెనక్కి మళ్లి సీకం అనే పెద్ద సంచిలోకి చేరతాయి. అక్కడ సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి బి విటమిన్లు, విటమిన్ కె, ప్రోటీన్ తయారుచేస్తాయి. ఆ సరుకే సీకోట్రోప్‌గా బయటికి వచ్చి, మళ్లీ తినడం వల్ల ఒంటపడుతుంది.

ఇప్పుడు మీ కుందేలు సంగతి చూద్దాం. ఒక రాత్రికి దాని కింద తెల్లటి పాత బట్ట పరిచి, పొద్దున్నే వెలుతురులో చూడండి. గట్టి పెంటికలు మామూలుగానే ఉండి, వాటి మధ్య నలిగిన మెత్తటి ముద్దలు కనిపిస్తే అవి సీకోట్రోప్సే. ఒక గట్టి పెంటికను రెండు వేళ్ల మధ్య విరిచి చూడండి. లోపల పొడిగా, తరిగిన గడ్డి పొట్టులా లేత గోధుమ రంగులో ఉంటే పీచు సరిపడా అందుతోందని అర్థం. చిన్నగా, నల్లగా, గట్టిగా, ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటే గడ్డి తక్కువైంది, నీళ్లు తక్కువయ్యాయి, లేదా ఎక్కడో నొప్పి ఉంది. పెంటికలు వెంట్రుకలతో దండలా కలిసి వస్తుంటే బొచ్చు రాలే సమయం, దువ్వడం పెంచాలి. ఇక అసలు విరేచనం అంటే గట్టి పెంటికలు పూర్తిగా ఆగిపోయి నీళ్లలా పోవడం. ఎదిగిన కుందేళ్లలో ఇది అరుదు, కానీ వచ్చిందంటే ఆ రోజే, ఆ గంటే వెట్ (పశువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. మనుషుల విరేచనాల మాత్రలు పేగుల కదలికను తగ్గిస్తాయి. కుందేలుకి ప్రాణాధారమే ఆ కదలిక. అందుకే ఆ మాత్రల జోలికి పోవద్దని అంత గట్టిగా చెప్పాను.

మూడో సంగతి కూడా ఉంది, అది మూత్రం. తొడల లోపలి వైపు బొచ్చు తడిగా, పసుపు పచ్చగా ఉండి, కింద చర్మం ఎర్రగా కమిలినట్టు కనిపిస్తే అది పెంటికల వల్ల కాదు. వయసులో కిడ్నీలు దెబ్బతిన్నా, మూత్రాశయంలో కాల్షియం బురదలా పేరుకున్నా, నడుం నొప్పితో సరిగ్గా వెనక భాగం ఎత్తి మూత్రం పోయలేకపోయినా, నరాలను దెబ్బతీసే ఇ. క్యూనిక్యులీ అనే పరాన్నజీవి సోకినా ఇలా జరుగుతుంది. కుందేలు మూత్రం కొంచెం తెల్లగా మబ్బుగా ఉండటం మామూలే, ఎందుకంటే తిండిలో ఎక్కువైన కాల్షియాన్ని అది మూత్రం ద్వారానే బయటికి పంపుతుంది. తిన్న ఆకుల రంగును బట్టి ఒక్కోసారి నారింజ, ఎరుపు రంగు కూడా వస్తుంది. కానీ టూత్‌పేస్ట్‌లా చిక్కగా వస్తున్నా, పోసేటప్పుడు ముక్కుతున్నా, రక్తం చుక్కలున్నట్టు అనిపించినా పరీక్ష చేయించాలి. మీది ఆడ కుందేలై, గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించి ఉండకపోతే రక్తం విషయంలో అస్సలు ఆలస్యం చేయకండి. వయసు పెరిగేకొద్దీ వాటిలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ.

సరే, సీకోట్రోప్సే అనుకుందాం. ఎందుకు మిగిలిపోతున్నాయి? అవసరానికి మించి తయారవుతుండాలి, లేదా అందుకోలేకపోతుండాలి. పెల్లెట్లు, క్యారెట్, పండ్లు, బిస్కెట్లు, బ్రెడ్ లాంటి పిండి, చక్కెర ఉన్న తిండి ఎక్కువైతే సీకంలో సూక్ష్మజీవుల సమతూకం చెడి, సీకోట్రోప్స్ ఆకారం లేకుండా పేస్ట్‌లా వస్తాయి. కుందేలుకి కూడా ఆ రుచి నచ్చదు, వదిలేస్తుంది. వదిలేసిన దాని మీదే కూర్చుంటుంది. గడ్డి ముట్టకుండా పెల్లెట్లు, క్యారెట్ మీదే నడుస్తోందని మీరు రాశారు కాబట్టి ఈ భాగం మీ దగ్గర ఖాయంగా ఉంది.

రెండోది తెలియాలంటే కాసేపు దూరంగా కూర్చుని గమనించాలి. కుందేలు ప్రశాంతంగా విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఒక్కసారిగా ముందుకు వంగి, తలను పొట్ట కిందికి దూర్చి, తల పైకెత్తి నములుతూ కనిపిస్తుంది. సీకోట్రోప్ అందుకోవడం అంటే ఇదే. కీళ్ల నొప్పులున్న ముసలి కుందేలు ఈ పని మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది. వంగబోతుంది, నడుం సహకరించదు, ఒక పక్కకు తూలుతుంది, మళ్లీ సర్దుకుని ఏమీ జరగనట్టు కూర్చుంటుంది. ఇది ఒకసారి చూశారంటే మీకిక సందేహం ఉండదు. చెవి గోక్కోబోయి కాలు గాల్లోనే ఆడించి దింపేయడం, ట్రేలోకి ఎక్కడానికి తటపటాయించడం, మునుపు ఎక్కే చోట్లు ఎక్కకపోవడం, వీపు కింది భాగంలో బొచ్చు ఉండలు కట్టడం, ఇవన్నీ ఆ నొప్పి గుర్తులే. లావెక్కినా, మెడ కింద గంగడోలు పెద్దదై అడ్డొచ్చినా నోరు అక్కడిదాకా చేరదు.

ఇక కడగడం. ముసలి కుందేలును నీళ్లలో ముంచి స్నానం చేయించకూడదు. దాని బొచ్చు చాలా దట్టం, లోపలిదాకా ఆరడానికి గంటలు పడుతుంది. ఆలోపు ఒళ్లు చల్లబడిపోతుంది. భయంతో షాక్‌లోకి వెళ్లిన కుందేళ్లు ఉన్నాయి. కంగారులో వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే నడుం విరిగే ప్రమాదం కూడా ఉంది, దాని ఎముకలు అంత తేలిక. పైగా షాంపూ మిగిలిపోతే అది నాకి మింగుతుంది.

తక్కువ మురికి ఉంటే పొడిగానే వదిలించవచ్చు. సువాసనలు, ఇతర పదార్థాలు కలపని మామూలు కార్న్‌ఫ్లోర్ కొద్దిగా ఆ మురికి మీద చల్లి, వేళ్లతో మెల్లగా నలపండి. తడి పీల్చుకుని ముద్ద చిట్లుతుంది. వెడల్పు పళ్ల దువ్వెనతో కొంచెం కొంచెంగా తీయండి. పిండి దాని ముఖం వైపు ఎగరకుండా చూసుకోండి, మిగిలిన పొడిని పూర్తిగా దులిపేయండి. టాల్కమ్ పౌడర్ వాడొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ముద్ద గట్టిగా ఎండి చర్మానికి పట్టేసి ఉంటే, అప్పుడు వెనక భాగం మాత్రమే నీళ్లలో నానబెట్టాలి. లోతు తక్కువ టబ్ తీసుకుని అడుగున టవల్ పరచండి, కాలు జారకపోతే దాని కంగారు సగం తగ్గుతుంది. చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు అయిదు సెంటీమీటర్ల లోతు చాలు. దాని ముందు కాళ్లు టబ్ అంచున గానీ, మీ చేతి మీద గానీ ఆనించి, వెనక భాగాన్ని మాత్రం నీళ్లలో కూర్చోబెట్టండి. ఒక చెయ్యి ఛాతీ కింద ఎప్పుడూ ఉండాలి. రెండో చేత్తో నీళ్లు పోస్తూ వేళ్లతో ముద్దను మెత్తబరచండి. లాగకండి. కుందేలు చర్మం చాలా పల్చన, లాగితే బొచ్చుతో పాటు చర్మమూ ఊడొస్తుంది. రాకపోతే ఇంకో రెండు నిమిషాలు నాననివ్వండి, నీళ్లు మురికైతే మార్చండి. సబ్బు అవసరం దాదాపు రాదు. వెల్లకిలా పడుకోబెట్టి కడిగితే కదలకుండా ఉంటుందని కొందరు చెబుతారు. కదలకుండా ఉండేది ప్రశాంతతతో కాదండీ, వేటాడే జంతువు నోట చిక్కినంత భయంతో బిగుసుకుపోయి. అలా చేయకండి.

తుడిచే పని కడగడం కంటే ముఖ్యం. రెండు మూడు పొడి టవళ్లు ముందే దగ్గర పెట్టుకోండి. రుద్దకుండా అద్దుతూ తుడిచి, తర్వాత హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో, దూరంగా పెట్టి, మధ్యలో మీ చెయ్యి అడ్డుపెట్టి వేడి ఎంత తగులుతోందో చూసుకుంటూ ఆరబెట్టండి. డ్రయర్ శబ్దానికి బెదిరిపోతే వెచ్చటి గదిలో టవళ్లు మారుస్తూ ఆరబెట్టడమే మేలు. బొచ్చును పాయలు తీసి మొదళ్ల దగ్గర వేలు పెట్టి చూడండి. పైన పొడిగా ఉండి మొదట్లో తడి ఉంటే అక్కడే చర్మం పాచిపోతుంది. కత్తెరతో ఉండలు కత్తిరించే సాహసం మాత్రం చేయకండి. ఉండ ఎక్కడ ముగిసిందో, చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. వెట్ దగ్గర ట్రిమ్మర్‌తో ఆ చుట్టూ బొచ్చు పొట్టిగా తీయిస్తే తర్వాత మీకు రోజువారీ పని బాగా తేలికవుతుంది.

చర్మం కమిలి ఉంటే మనుషుల క్రీములు పూయకండి. అది నాకేస్తుంది. ఏది పూయాలో వెట్ చెప్పాలి.

ఈగల గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. వెచ్చటి రోజుల్లో మురికి పట్టిన వెనక భాగం మీద ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోపే అవి పురుగులై చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. ఇంట్లో పెరిగే కుందేలుకి రాదనుకోవద్దు, ఒక్క ఈగ చాలు. రోజుకి రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, తోక కింద, తొడల మడతల్లో వెలుతురులో చూడటం మీ దినచర్యలో భాగం చేసుకోండి. బియ్యపు గింజల్లాంటి సన్నటి తెల్లటి గుడ్లు గానీ, పురుగులు గానీ ఒక్కటి కనిపించినా వెంటనే బయలుదేరాలి. నీళ్లతో కడుగుతూ సమయం పోగొట్టుకోకండి, లోపల ఎన్ని ఉన్నాయో బయటికి కనిపించదు. ఇక ఈగలు, గోమార్ల నివారణకు కుక్కలకు వాడే స్ప్రేలు, చుక్కల మందులు తెచ్చి వేయకండి. వాటిలో కొన్నింటిలో ఉండే ఫిప్రోనిల్ అనే మందు కుందేళ్ల ప్రాణం తీయగలదు.

ఇప్పుడు తిండి. అసలు వైద్యం ఇక్కడే ఉంది. పెద్ద కుందేలు తినేదానిలో అయిదింట నాలుగు వంతులకు పైగా గడ్డే ఉండాలి. తిమోతీ, ఆర్చర్డ్, ఓట్ గడ్డి లాంటివి ఏవైనా సరే, ఇరవై నాలుగు గంటలూ ముందుండాలి. అల్ఫాల్ఫా గడ్డిలో కాల్షియం, ప్రోటీన్ ఎక్కువ కాబట్టి పెరిగే పిల్లలకే తగినది. బాగా చిక్కిపోయిన ముసలి వాటికి వెట్ చెబితే కొద్దిగా ఇస్తారు. పెల్లెట్లు కిలో బరువుకి రోజుకి 25 గ్రాములకు మించకూడదు. అంటే రెండు కిలోల కుందేలుకి 50 గ్రాములు, అదీ తూకం వేసి. గింజలు, రంగురంగుల ముక్కలు కలిపిన రకం కాకుండా అన్నీ ఒకేలా ఉండే రకం తీసుకోండి, లేకపోతే తియ్యటివి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. ఆకులు రోజుకి గుప్పెడు, రెండు మూడు రకాలు కలిపి. క్యారెట్ కూరగాయలా కనిపించినా కుందేలు విషయంలో దాన్ని మిఠాయి కిందే లెక్కేయాలి. పండుతో కలిపి రోజుకి ఒకటి రెండు చెంచాలు చాలు. వెనక భాగం శుభ్రపడేదాకా అవి కూడా మానేయండి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, చాక్లెట్, అవకాడో ఎప్పుడూ వద్దు. పొట్టకు మంచిదని పెరుగు పెట్టమనేవాళ్లుంటారు, పెట్టకండి. పాలలోని చక్కెరను పెద్ద కుందేలు అరిగించుకోలేదు.

ఇదంతా చదివి రేపే పెల్లెట్లు ఎత్తేయకండి. గడ్డి అలవాటు లేని కుందేలు ముందు నుంచి పెల్లెట్లు ఒక్కసారిగా తీసేస్తే గడ్డికి మారదు, ఉపవాసం ఉంటుంది. ఉపవాసం దానికి ప్రమాదం. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించండి. ఆ మధ్యలో కుందేలును వారానికి రెండుసార్లు తూకం వేయండి. అసలే చిక్కి ఉండి, వీపు ఎముకలు చేతికి గుచ్చుకుంటుంటే పెల్లెట్లు తగ్గించడానికి ముందు వెట్‌ను అడగాలి. ముసలి కుందేళ్లన్నీ లావుగా ఉండవు. చాలావాటికి కండ కరిగిపోతుంది, అలాంటివాటికి పెల్లెట్లు కోస్తే ఉన్న బలం కూడా పోతుంది.

గడ్డి తినిపించడం ఓపికతో కూడిన పని. రోజుకి రెండుసార్లు పాతది తీసి కొత్తది వేయండి, నలిగి మూత్రం వాసన తగిలినదాన్ని అది ముట్టదు. మెడ ఎత్తి ర్యాక్‌లోంచి లాగడం నొప్పిగా ఉండే వయసు కాబట్టి నేల మీదే, ట్రేలో ఒక చివర, పడుకునే చోటు పక్కన, రెండు మూడు కుప్పలుగా పెట్టండి. గడ్డిలో కాస్త కొత్తిమీర, పుదీనా దాచండి. వెతుకుతూ గడ్డి కూడా నములుతుంది. కాడలు గట్టిగా ఉన్న రకం వదిలేస్తుంటే ఆకు ఎక్కువున్న మెత్తటి రకం ప్రయత్నించండి. మందులు కొట్టని చోట దొరికే పచ్చగడ్డి కూడా మంచిదే, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మెషీన్‌తో కోసి కుప్పపోసిన గడ్డి మాత్రం పులిసిపోతుంది, అది వద్దు.

ఇన్ని చేసినా గడ్డి దగ్గరకు వచ్చి, వాసన చూసి, ఒక కాడ నోట పెట్టుకుని వదిలేస్తోందా? అప్పుడది మొండితనం కాదు, పళ్ల నొప్పి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు. గడ్డి నమలడం వల్ల అరిగి సమంగా ఉంటాయి. గడ్డి తినకపోతే లోపలి దవడ పళ్లకు మొనలు తేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. కోసుకుపోతున్న నోటితో గడ్డి నమలలేక మెత్తటిదే తింటుంది, దాంతో పళ్లు ఇంకా పెరుగుతాయి. గడ్డం తడిగా ఉండటం, ఒక కంటి నుంచి నీరు కారడం, తింటూ తింటూ ముద్ద జారవిడవడం దీనికి గుర్తులు. దవడ పళ్లు మనకు కనిపించవు. వెట్ పరికరం పెట్టి చూడాలి, చాలాసార్లు ఎక్స్‌రే తీయాలి. మీ విషయంలో గడ్డి మానేయడం, మురికి పట్టడం కలిసి ఉన్నాయి కాబట్టి మొదట చేయించాల్సింది పళ్ల పరీక్షే అని నా అభిప్రాయం.

నీళ్లు బరువైన గిన్నెలో పెట్టండి. సీసాకి ఉన్న గొట్టం నుంచి చుక్కచుక్కగా లాగడం కన్నా గిన్నెలో కుందేలు ఎక్కువ తాగుతుంది, ముసలిదానికి మెడ నొప్పీ తప్పుతుంది. ఆకులు కడిగి ఆ తడితోనే ఇవ్వండి. పేగులోకి వెళ్లిన బొచ్చు ఉండకట్టి ఇరుక్కోవడం వెనక చాలాసార్లు నీళ్లు తక్కువై పేగు మందగించడమే ఉంటుంది. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్లింది ముందుకే పోవాలి. అందుకే బొచ్చు రాలే రోజుల్లో రోజూ దువ్వమంటాను.

కీళ్ల నొప్పికి వెట్‌లు సాధారణంగా మెలాక్సికామ్ రాస్తారు. కిడ్నీల పనితీరుకు రక్తపరీక్ష చేసి, మోతాదు చెప్పి ఇస్తారు. నొప్పి తగ్గిన కుందేలు మళ్లీ వంగి తన పని తాను చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. మనం కడిగే అవసరమే తగ్గిపోతుంది. వయసైపోయింది కదా అని నొప్పిని సర్దుకుపోనివ్వకండి. అది మూలగదు, అరవదు, కదలడం తగ్గించుకుంటుంది అంతే. ఇంట్లో మాత్రల డబ్బాలోంచి ఏదీ ఇవ్వకండి. యాంటీబయాటిక్స్ విషయంలో ఇంకా జాగ్రత్త. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ సీకంలోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తాయి. కుందేళ్లను ఎక్కువగా చూడని డాక్టర్ దగ్గరికి వెళ్తే, రాసిన మందు పేరు చూపించి ఇది కుందేలుకి నోటి ద్వారా ఇవ్వొచ్చా అని అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికన్నా అత్యవసరమైంది ఇది. కుందేలు పది, పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. పేగుల కదలిక ఆగిపోవడాన్ని జీఐ స్టాసిస్ అంటారు. వీపు గూనిలా పెట్టి ఒక మూల కూర్చోవడం, పళ్లు గట్టిగా పటపట కొరకడం, ఇష్టమైన ఆకు పెట్టినా తల తిప్పుకోవడం, చెవులు చల్లబడటం, ఇవి గుర్తులు. మామూలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 38 కంటే కిందికి జారిందంటే పరిస్థితి విషమం. టవల్‌లో చుట్టిన వెచ్చటి నీళ్ల సీసా పక్కన పెట్టి, పక్కకు జరగడానికి చోటు వదిలి, వెంటనే తీసుకెళ్లండి. సిరంజితో బలవంతంగా తినిపించడం స్టాసిస్‌లో అవసరమే, కానీ పొట్ట ఉబ్బి బిగుసుకుని ఉంటే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు తినిపిస్తే అపాయం. అందుకే ముందు వెట్ చూడాలి, తర్వాతే సిరంజి.

ఇంట్లో దాని చోటు గురించి కొంచెం. ట్రేకి ఒక వైపు అంచు బాగా కిందికి కోయండి, కాలు ఎత్తకుండా నడిచి వెళ్లేలా. కాగితంతో చేసిన లిట్టర్ (ట్రేలో తడి పీల్చుకోవడానికి పరిచేది) వాడండి. తడికి గడ్డకట్టే పిల్లుల లిట్టర్ తింటే పేగులో గట్టిపడుతుంది. రోజూ తడి భాగం తీసేయాలి, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కళ్లకు, ఊపిరితిత్తులకు చేటు. ట్రేకి పట్టిన తెల్లటి కాల్షియం పొర తెల్ల వెనిగర్‌తో నానబెడితే వదులుతుంది. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాల కింద మెత్తలు ఉండవు, బొచ్చే రక్ష. గచ్చు నేల మీదా, తీగల నేల మీదా ఎక్కువ సేపు కూర్చునే ముసలి కుందేలుకి మడమలు పుండవుతాయి. మెత్తగా, పొడిగా, జారకుండా ఉండే పరుపు లాంటిది వేసి, వారానికోసారి మడమలు తిప్పి చూడండి.

గోళ్లు నెల, నెలన్నరకోసారి కత్తిరించాలి, లోపలి రక్తనాళానికి తగలకుండా చివర మాత్రమే. జననాంగానికి రెండు పక్కలా చిన్న మడతల్లో సువాసన గ్రంథులుంటాయి, వయసులో అక్కడ గోధుమ రంగు మైనం పేరుకుని ఘాటు వాసన వేస్తుంది. చాలామంది దీన్నీ పెంటికల వాసనే అనుకుంటారు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన ఇయర్ బడ్‌తో మెత్తబరచి మెల్లగా తుడిస్తే పోతుంది. ఈ పనికి ఇంకొకరి సాయం తీసుకోండి. ఒకరు నడుం, వెనక కాళ్లు బాగా ఆనించి ఒడిలో కూర్చోబెట్టుకుంటే రెండోవారు తుడవాలి. చెవి లోపలికి మాత్రం బడ్ పెట్టకండి.

వెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇవి తీసుకెళ్లండి: ఆ రాత్రి బట్ట మీద పడిన పెంటికల ఫోటో, ఒక చిన్న డబ్బాలో తాజా నమూనా, అది వంగబోయి ఆగిపోయే వీడియో దొరికితే అది, మీరు వాడే పెల్లెట్ల ప్యాకెట్ వెనక వివరాలు, ఈ నెలలో తూకాలు. దవడ పళ్లు, నడుం, వెనక కాళ్ల కీళ్లు, కిడ్నీల రక్తపరీక్ష, ఈ నాలుగూ చూడమని మీరే అడగండి. వెళ్లే దారిలో కూడా బుట్టలో గడ్డి పెట్టండి, ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి. మత్తు ఇచ్చేటప్పుడు కూడా కుందేలుకి ఉపవాసం అక్కర్లేదు. చూపించాక వాళ్లు పళ్ల గురించి ఏమన్నారో, బరువు ఎంతుందో ఇక్కడ రాయండి. పెల్లెట్లు ఏ వారం ఎంత తగ్గించాలో దాన్ని బట్టి చెబుతాను.